తవిటమ్మ వేళ్ళు, మేక తిన్న తవుడు

గవరమ్మ గంపలో చేపల అడుగున ఎప్పుడూ ఒక తడిగుడ్డ మూట ఉండేది. పోర్ట్ బ్లేర్ జంగ్లీఘాట్ రేవులో పడవలు దింపిన చేపల్ని నెత్తికెత్తుకుని, డిగ్నాబాద్ ఎత్తు ఎక్కి మా క్వార్టర్ల దగ్గరికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కేది. గంప దించి, సురమై చేప ముక్కలు మా ఆవిడకి అంటగట్టి, ఆ తర్వాత మూట విప్పి నాకు చూపించేది. ఒకరోజు రెండు తలలున్నాయని ఆమె, రెండు తోకలున్నాయని నేను వాదించుకున్న సముద్రపు పురుగు. మరోరోజు ఏ దేశపు చెట్టుదో తెలియని, పిడికిలంత నల్లటి గింజ.

"ఇవన్నీ ఎందుకు గవరమ్మా?" అని అడిగితే, "ఏటవుద్దో సూద్దారని బావు," అనేది.

ఒకసారి ముందుకాలు ఊడిపోయిన పీత దొరికింది. దాన్ని అమ్మలేదు, వండలేదు. ఇంటి వెనక ఇనపతొట్టిలో ఉప్పునీళ్ళు పోసి, చేప పేగులు పెట్టి నెలల తరబడి మేపింది. చివరికి దానికి కొత్త కాలు మొలిచింది. రేవులో జనమంతా వచ్చి చూసిపోయారు. అందరూ చూడ్డం అయ్యాక దాన్ని పులుసు పెట్టుకుని తినేసింది.

నేను హార్బరు ఆఫీసులో గుమాస్తాని. రేవులో అందరూ రైటర్ బావు అనేవారు. నా చిన్నప్పటి చదువు విశాఖపట్నంలో, సిస్టర్లు నడిపే కాన్వెంటులో. అక్కడ మాకు నేర్పిన మొదటి మర్యాద, ఎవరి ఒంటిమీద ఏది కనిపించినా తేరిపార చూడకూడదని. గవరమ్మకి ఎవరూ అలాంటిది నేర్పలేదు. ఎవరికి ఏ మచ్చ ఉన్నా, ఏ వేలు వంకరైనా గంప దించి మరీ చూసేది. "ఇది పుట్టుకతోనా, తరవాతా?" అని అడిగేది. అడిగే పద్ధతిలో ఎగతాళి ఉండేది కాదు కాబట్టి జనం చెప్పేవాళ్ళు.

ఆమెది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. మొగుడు లక్ష్ముడు పడవమీద పని దొరుకుతుందని ఈ దీవులకి వస్తే వెంట వచ్చింది. వచ్చిన మూడో ఏడు జ్వరంతో లక్ష్ముడు పోయాడు. పిల్లల్లేరు. వెనక్కి వెళ్ళమని అందరూ చెప్పారు. "అక్కడేటుంది? ఇక్కడ ఇంకా సూడనివి సానా ఉన్నాయి," అని ఉండిపోయింది. ఆమె గొంతు గురించి నేను చెబితే ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మరు. జంగ్లీఘాట్‌లో "చేపలో" అని కేకేస్తే రాస్ దీవిలో జింకలు చెవులు నిక్కించేవి. మధ్యలో అంత ఎత్తు నేల ఉంది కదా తాతా అంటుంది మా మనవరాలు. అప్పట్లో ఆ ఎత్తు ఇంకొంచెం పొట్టిగా ఉండేది.

ఇది అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి సంగతి. గవరమ్మ పక్కింట్లో సత్యారావు ఉండేవాడు. పడవలు కట్టే వడ్రంగి. చెక్క మీద చెయ్యి వేసి, అది లోపల గట్టిగా ఉందో డొల్లగా ఉందో చెప్పేవాడు. అతని భార్య చిన్నమ్మి. పెళ్ళయిన చాలా ఏళ్ళకి వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది.

ఒకరోజు చిన్నమ్మి కాళ్ళు చాపుకుని, వాటిమీద పిల్లని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. గవరమ్మ కుండలో వేడినీళ్ళు అందిస్తోంది. పిల్ల ఎడమచెయ్యి చిటికెన వేలికి, గోరు పక్కన, దానిమ్మ గింజలాంటిది కనిపించింది. గులాబి రంగు. నున్నగా, గట్టిగా ఉంది. చిన్నమ్మి గబుక్కున గుడ్డ కప్పింది.

"కప్పీకే, సూడనీ. ఏటది?" అంది గవరమ్మ.

"సీమ కుట్టినట్టుందప్పా."

"సీమ కుడితే ఏడవదేటి? నాను నొక్కినాను. నవ్వింది."

అది చీమ కుట్టింది కాదని నెల తిరిగేసరికి అందరికీ తెలిసింది. గింజ కాస్తా శనగబద్దంత అయింది. పసుపు రాశారు. సున్నం పెట్టారు. గుర్రం తోక వెంట్రుకతో బిగించి కడితే రాలిపోతుందని ఎవరో అన్నారు. పోర్ట్ బ్లేర్‌లో గుర్రం ఎక్కడ దొరుకుతుంది? అడవిలో దుంగలు లాగే ఏనుగులు మాత్రం ఉన్నాయి. సత్యారావు ఒక మావటీణ్ణి బతిమాలి ఏనుగు తోక వెంట్రుక తెచ్చాడు. అది ఇనపతీగలా ఉంది. పసిదాని వేలికి దాన్ని ముడివెయ్యబోతే చెంగున విడిపోయి, సత్యారావు నుదుటి మీద గీత పడేలా కొట్టింది. ఏనుగు అడవిలో ఉండి కూడా తన్నగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్ శాంతకుమారి గుంటూరు నుంచి వచ్చిన మనిషి, వయసులో చిన్నది. వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, చిన్న గడ్డే కదా అని కోసి కుట్టింది. ముక్కని సీసాలో వేసి మద్రాసుకి షిప్ మీద పంపింది. భయపడాల్సిన జబ్బు కాదని అక్కణ్ణుంచి కబురొచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గాయం మానింది. మానిన చోటే, మచ్చ పక్కనుంచి, గడ్డ మళ్ళీ లేచింది. ఈసారి ఉంగరపు వేలికి కూడా ఒకటి తోడొచ్చింది.

మళ్ళీ తీసుకెళ్తే డాక్టరమ్మ రెండు వేళ్ళూ నొక్కి చూసింది.

"దీని గురించి మా మాస్టార్ని అడిగాను," అంది. "ఇది పసిపిల్లల వేళ్ళకే వస్తుందట. చేతివేళ్ళకి, లేకపోతే కాలివేళ్ళకి. బొటనవేలి జోలికి సాధారణంగా పోదట. మహా అరుదు. ఆయన జీవితంలో ఇంకొక్క పిల్లాడికే చూశారు. ప్రాణానికి ముప్పు లేదు. కోస్తే మళ్ళీ రావచ్చు. కొన్నేళ్ళు వదిలేస్తే తనంతట తనే కరిగిపోవచ్చట."

"పోవచ్చు అంటే?" అన్నాడు సత్యారావు.

"పోవచ్చు. పోకపోనూ వచ్చు. చూద్దాం."

సత్యారావుకి ఆ మాట నచ్చలేదు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పడవల షెడ్డు దగ్గర ఆగితే, నాకొక పాత పలక చూపించాడు. పైకి నున్నగా ఉంది. కొసన విరిస్తే లోపలంతా సముద్రపు పురుగు తొలిచిన సొరంగాలు.

"సూసినారా బావు. బొక్క కనిపించినకాడ కోస్తే పని అవదు. మంచి చెక్క తగిలినంత దూరం ఎనక్కెళ్ళి కొయ్యాల. డాక్టరమ్మ పైపైన కోసింది. అందుకే మళ్ళీ ఒచ్చింది. సూద్దారంటే పడవ మునిగిపోద్ది."

అతను పని నేర్చుకున్న పద్ధతి అది. చేతిలో ఉన్న ఆ పద్ధతినే కూతురి వేళ్ళకీ పెట్టాడు.

అయితే కోతకంటే ముందు ఇంకో ఉపాయం ఉందన్నాడు. వాళ్ళ నాయనమ్మ పేరు తవిటమ్మ. ఆవిడ పసితనంలో నీరసించిపోతుంటే తవుడుకి అమ్మి బతికించుకున్నారట. మా ఉత్తరాంధ్ర వైపు అది తెలియని ఇల్లు లేదు. బిడ్డకి దిష్టి విడవకపోతే తల్లి ఆ బిడ్డని చేటలో పెట్టి పరాయి గడపలో వదిలేసి వెళ్ళిపోతుంది. ఆ ఇంటామె ఎత్తుకుంటుంది. కాసేపటికి తల్లే ముక్కూమొహం తెలియని మనిషిలా వచ్చి, కాసింత తవుడు ఆమె ఒడిలో పోసి బిడ్డని కొనుక్కుంటుంది. తవుడు పాటి చెయ్యని పిల్ల మీద ఎవరి కన్నూ పడదని నమ్మకం. అలా కొన్న పిల్లలే తవిటయ్యలూ తవిటమ్మలూ.

గడప గవరమ్మది అనుకున్నారు. వచ్చిన చిక్కల్లా తవుడుతో. మాకు బియ్యం షిప్ మీద బస్తాల్లో వచ్చేవి, పాలిష్ పట్టినవి. పోర్ట్ బ్లేర్ మొత్తం జల్లెడ పట్టినా గుప్పెడు తవుడు లేదు. వరి పండించేది లోపల ఊళ్ళలో స్థిరపడిన బెంగాలీలు. నాకు వాళ్ళలో ఒకాయన తెలుసు. ఆయన భార్య కాలితో తొక్కే రోకలి మీద ధాన్యం దంచేది. వెళ్ళి అడిగితే, "భూసీ? బచ్చా ఖరీద్‌నే కే లియే?" అని, తవుడిచ్చి పిల్లని కొనడమేమిటన్నట్టు ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నేను కథలు చెబుతానని ఆయనకీ తెలుసు. ఆవిడ మాత్రం ఏమీ అడక్కుండా చిన్న బుట్టనిండా పోసిచ్చింది. తెచ్చింది నేనే కాబట్టి తతంగానికి నన్నూ పిలిచారు.

ఆదివారం పొద్దున చిన్నమ్మి పిల్లని చేటలో పెట్టి గవరమ్మ గడపలో దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. వెళ్ళింది సందు మలుపుదాకానే గాని, ఆ కాస్త దూరానికే ఆమెకి కళ్ళనిండా నీళ్ళు. గవరమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఎవుల్దీ గుంట? దిక్కునేని గుంటని నా గుమ్మంలో పడీసి పోనారు," అని పిల్లని ఎత్తుకుంది. అంతవరకు ఆమె చెప్పాల్సిన మాటలే. అక్కడ ఆగిపోతే సరిపోయేది. పిల్ల ఎడమచెయ్యి పైకెత్తి ఎండలో తిప్పి చూసింది. "ఏళ్ళకి ముత్యాలు పొదిగున్నాయి. ఇలాంటి సరుకు రేవుకి ఎప్పుడొచ్చింది?"

చిన్నమ్మి పరాయిదానిలా నడిచొచ్చి, తవుడు బుట్ట గడప పక్కన పెట్టింది. "ఈ గుంటని అమ్ముతావేటమ్మా?"

"అమ్ముతాను. ఏటిస్తావు?"

"తవుడిస్తాను."

"ఎంత?"

చిన్నమ్మి తెల్లబోయింది. బేరం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. "ఇదిగో, ఈ బుట్టెడు."

"బుట్టెడు తవుడుకి గుంటనిచ్చీనా? సేత్తో సూడు. బరువు సూడు. నవ్వు సూడు. నీకు ఇష్టమైతే కొను, నేకపోతే తోవట్టుకు పో."

చూడ్డానికి మూగిన జనం పగలబడి నవ్వారు. గవరమ్మకి జనం నవ్వితే ఆగడం చేతకాదు. పిల్ల చెంపలు, పిల్ల మడమలు ఒక్కొక్కటే పైకెత్తి చూపించి పొగుడుతోంది. దిష్టి తీసే తతంగంలో దిష్టి పెడుతున్నావని సత్యారావు మొత్తుకుంటున్నాడు. ఆ సందట్లో పక్కవీధి మేక ఒకటి ఎప్పుడొచ్చిందో వచ్చి బుట్టలో తలపెట్టింది. ఎవరో చూసి అరిచేసరికి సగం తినేసింది. సత్యారావు కర్రతో అదిలిస్తే బుట్టని కొమ్ములకి తగిలించుకుని పారిపోయింది. మిగిలిన తవుడంతా బురదపాలైంది.

"పోన్లే. ఇంకోసారి తవుడు దొరికినప్పుడు నా ఒడిలో పోద్దురుగాని. ముందు దీనికి పాలియ్యి," అని గవరమ్మ పిల్లని చిన్నమ్మి చేతికిచ్చింది. ఆ రోజునుంచి పిల్లని అందరూ తవిటమ్మ అనే పిలిచారు. వానలు పట్టుకున్నాయి. లోపలి ఊళ్ళకి దారులు పాడయ్యాయి. మిగిలిపోయిన తవుడు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పిల్లకి ఏడాది నిండేసరికి చిటికెన వేలిమీది గడ్డ చింతగింజంత అయింది. ఉంగరపు వేలిది దాన్ని ఒరుసుకుంటోంది. రెండు వేళ్ళూ దగ్గరికి చేరడం మానేశాయి. సత్యారావు విశాఖపట్నంలో ఉన్న మేనమామకి కబురు పెట్టాడు. రెండు వేళ్ళూ మొదలంటా తీసేయించడానికి తీసుకొస్తున్నాను, ఆసుపత్రి చూసిపెట్టమని. నా దగ్గరికొచ్చి షిప్ టిక్కెట్లు తీయించమన్నాడు.

"డాక్టరమ్మ వద్దంది కదా సత్యారావు," అన్నాను.

"ఆమె సూద్దారంది. ఒద్దననేదు. సేతి ఏళ్ళు రెండు పోతే పోనాయి బావు. సెయ్యి మిగలాల."

అతని గొంతులో కోపం లేదు. భయం ఉంది. టిక్కెట్లు తీసి, మర్నాడు సాయంత్రం ఇవ్వడానికి జంగ్లీఘాట్ వెళ్ళాను. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి వెనకాలే గవరమ్మ వచ్చింది. చంకలో ఖాళీ చేట ఉంది.

"సత్తిరావూ, షిప్పెక్కుతున్నావంట."

"అవునప్పా. ఎల్లుండి."

"ఎల్లు. నువ్వూ నీ పెళ్ళామూ సల్లగా ఎల్లిరండి. నా గుంటని నాకిచ్చీసి ఎల్లండి."

సత్యారావు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నీ గుంటేటప్పా?"

"నా గడపలో ఒదిలీసినారు. నాను ఎత్తుకున్నాను. కొనుక్కుంటాం అన్నారు. ఏదీ, కొన్నారా?"

"తవుడు తెచ్చినాం గదా."

"తెచ్చినారు. నాను తిన్నానా?"

"మేక తినీసింది."

"అయితే ఎల్లి మేకనడుగు గుంటని."

సత్యారావు నా వైపు తిరిగాడు. "బావు, మీరున్నారు గదా ఆవేళ. మీరు సెప్పండి."

జనం పోగయ్యారు. అబద్ధం చెప్పడానికి నాకు ఎన్నడూ అభ్యంతరం లేదు గాని, ఆరోజు నిజమే అబద్ధంకంటే బాగుంది. "మేక సగం తింది, సగం నేలపాలైంది. గవరమ్మ ఒడిలో గింజ కూడా పడలేదు," అన్నాను.

వెనకనుంచి ఆటోమొబైల్ వర్క్‌షాప్ బిహారీ ఒకతను, విషయం సగమే అర్థమైనవాడు, పిల్ల ఎవరిదైతే వాళ్ళనే అడగమంటూ, "అరే భయ్యా, బచ్చా జిస్‌కా హై, ఉస్‌సే పూఛో," అన్నాడు. "అదే గదా నాను సెప్తున్నది," అంది గవరమ్మ.

"ఇప్పుడు తెస్తాను తవుడు," అన్నాడు సత్యారావు.

"తే. నాను అమ్మను."

"అమ్మవా?"

"అమ్మాలని రూలేటి? బేరం కుదరకపోతే సురమై గంపలో పెట్టుకుని పోనా?"

"కన్నోణ్ణి నాను!"

"కన్నావు. నేదన్నానేటి? కని, ఒదిలీసినావు. ఊరంతా సూసింది."

బయటినుంచి చూసేవాళ్ళకి ఇది నవ్వులాటే. సత్యారావుకి కాదు. తతంగం పెట్టించింది అతనే. తవుడు చేతులు మారకపోతే పిల్ల ఇంకా పరాయిదే అని అందరికంటే ఎక్కువ నమ్మేది కూడా అతనే. పరాయి పిల్లని సముద్రం దాటించి కత్తికిస్తే, మోసపోయిన దిష్టికన్ను మళ్ళీ ఎక్కడికొచ్చి వాలుతుందో అతనికి తెలుసు. గడపలో కూలబడ్డాడు.

"అది పాకితే సెయ్యంతా పోద్దప్పా," అన్నాడు. "నీకు తెలీదు. నాను పడవలు సూసినాను."

"నాను పీతని సూసినాను."

"పీతకీ గుంటకీ పోలికేటప్పా?"

"పడవకీ గుంటకీ ఉందేటి?"

తలుపు చాటున చిన్నమ్మి పిల్లని రెండు చేతుల్తో అదుముకుని నిలబడి ఉంది. గవరమ్మ చంకలో ఖాళీ చేట ఎవరు పెట్టించారో నేను చిన్నమ్మిని ఎన్నడూ అడగలేదు.

వాళ్ళు లేకుండానే షిప్ వెళ్ళిపోయింది.

గవరమ్మ పిల్లని తన ఇంటికి తీసుకుపోలేదు. "మీకాడే ఉంచి పెంచండి. కత్తి మాత్రం తగలకూడదు," అంది. రోజూ పొద్దున గంప ఎత్తుకోకముందు వచ్చి, ఎడమచెయ్యి అందుకుని రెండు వేళ్ళూ నొక్కి చూసి వెళ్ళేది. తవిటమ్మకి మాటలొచ్చాక అన్నిటికంటే ముందు అన్న మాట "చేప" అని చిన్నమ్మి చెబుతుంది. ఆ వాసన రాగానే చెయ్యి చాచేదట.

సత్యారావు ఓడిపోయానని ఒప్పుకోలేదు. గడ్డ పెరుగుతోందని రుజువు చేస్తానన్నాడు. నున్నగా చిత్రిక పట్టిన పడాక్ చెక్క ఒకటి గోడకి ఆనించి, దానిమీద పిల్ల ఎడమచెయ్యి పరిచి, చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. ప్రతి అమావాస్యకీ పడవల పని ఆగుతుంది, ఆరోజు ఒక గీత. చిన్న చేతుల బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి, చిటికెన వేలి దగ్గర బుడిపెతో. గవరమ్మ వచ్చినప్పుడల్లా వేలు పెట్టి చూపించేవాడు.

"సూడప్పా. పోయిన్నెల్ది, ఈ నెల్ది."

మొదట్లో అతని మాటే నెగ్గింది. బుడిపె ప్రతి బొమ్మలోనూ ఇంకొంచెం లావెక్కింది. చిటికెన వేలు కణుపు దగ్గర లోపలికి వంగడం మొదలెట్టింది. ఆ నెల గవరమ్మ మా క్వార్టరుకి వచ్చి గంప దించింది గాని మూట విప్పలేదు.

"రైటర్ బావూ, నాను తప్పు సేసినానేటి?"

జవాబు తెలియనప్పుడు నేను చేసే పనే చేశాను. వెనకటికి నికోబార్‌లో ఒక దొర కొడుక్కి పది వేళ్ళకీ ఇలాంటివే వచ్చాయనీ, ఆ అబ్బాయి కొబ్బరిచెట్టెక్కి దిగేసరికి ఒక్కటీ లేదనీ మొదలుపెట్టాను.

ఆమె సగంలో ఆపింది. "ఇది మీ కతల్లోదేనా?"

"అవును."

"నిజంది ఏటీ తెలీదా మీకు?"

"తెలీదు గవరమ్మా."

తల ఊపి, గంప ఎత్తుకుని, అమ్మకుండానే దిగి వెళ్ళిపోయింది. సరాసరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిందని తర్వాత తెలిసింది. శాంతకుమారి జంగ్లీఘాట్ వచ్చి పిల్లని చూసింది. కణుపు బిగుసుకుపోతే అప్పుడు చిన్న కోత పెట్టి సరిచేస్తాను, వేలు తియ్యక్కర్లేదు, అప్పటిదాకా నెలకోసారి నేను చూస్తాను అంది. వెళ్ళబోతూ గోడకి ఉన్న చెక్క చూసి ఆగిపోయింది. బొమ్మలన్నీ ఒక్కొక్కటే చేత్తో తడుముతూ చూసింది.

"ఇది ఎవరు గీస్తున్నారు?"

"నానే," అన్నాడు సత్యారావు, తప్పు చేసినవాడిలా.

"ఆపకండి," అంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక అమావాస్యనాడు సత్యారావు గీత గీసి, పాత దానితో పోల్చి, పెన్సిలు మొద్దుబారిందనుకున్నాడు. చెక్కి మళ్ళీ గీశాడు. రెండో గీత మొదటి గీత మీదే పడింది. ముందు నెలదానికీ ఈ నెలదానికీ తేడా లేదు. ఎవరికీ చెప్పలేదు. తర్వాతి నెల చెయ్యి పెరిగింది, బుడిపె పెరగలేదు. ఆ తర్వాతి నెల బుడిపె గీత పాత గీతకి లోపల పడింది. వడ్రంగికి మనుషుల మాటమీద గురి లేకపోయినా గీతమీద ఉంటుంది. చెక్కని గోడనుంచి తీసి, భుజాన వేసుకుని గవరమ్మ గుమ్మంలోకి వెళ్ళాడు.

ఆమె చేపలు తోముతోంది. చేతులు కడుక్కుని వచ్చి, చెక్కని వెలుతురువైపు తిప్పుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది ముందుదా, అది ముందుదా?"

"అది ముందుది. ఇది నిన్నటిది."

"మళ్ళీ గియ్యి," అంది.

తర్వాత కూడా అది ఒక్కసారిగా పోలేదు. ఒక నెల తగ్గేది, ఇంకో నెల అలాగే ఉండేది. ఒకసారి కొంచెం లేచినట్టుంటే ముగ్గురికీ అన్నం సయించలేదు. మెత్తబడింది. రంగు తిరిగింది. చర్మం ముడతపడి, తర్వాత సాఫీ అయింది. తవిటమ్మకి నాలుగో ఏడు నడుస్తుండగా సత్యారావు గీసిన చెయ్యి బొమ్మ మామూలు పిల్లల చెయ్యి బొమ్మలాగే వచ్చింది.

డాక్టరమ్మ ముగ్గుర్నీ పిల్లతో రమ్మంది. నన్నూ రమ్మన్నారు, గవరమ్మకి డాక్టరు తెలుగులో కొన్ని ముక్కలు అందవని. శాంతకుమారి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కింది, వంచింది, చాపింది. తవిటమ్మ మెలికలు తిరిగిపోయి, "ఛోడో నా ఆంటీ, గుద్‌గుదీ హో రహీ హై," అని నవ్వింది. మా దీవి పిల్లలకి గిలిగింత కూడా హిందీలోనే పుడుతుంది.

"నేను కోసినచోట మచ్చ ఉంది. చిటికెన వేలు కొద్దిగా వంకర, అది అలాగే ఉండిపోవచ్చు. పనికి అడ్డం రాదు," అంది డాక్టరమ్మ. "ఇంకేం లేదు."

గవరమ్మ ముందుకి వంగింది. "డాక్టరమ్మా, ఒకటడుగుతాను. మీరు కోసింది సీసాలోకెల్లింది. అది నాకు తెలుసు. కొయ్యంది ఎక్కడికెల్లింది?"

"ఒంట్లోనే కలిసిపోయి ఉంటుంది."

"ఒంట్లో ఎక్కడ?"

శాంతకుమారి నవ్వి తల అడ్డంగా ఊపింది. "తెలీదు గవరమ్మా. ఎందుకొచ్చిందో తెలీదు, ఎందుకు పోయిందో తెలీదు. తెలిసినరోజు మొదట మీకే చెబుతాను."

"సెప్పండి. నాను ఉంటాను," అంది గవరమ్మ.

ఆసుపత్రి మెట్లు దిగాక సత్యారావు నడక తగ్గించాడు. చిన్నమ్మి, పిల్ల ముందు వెళ్తున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, లోపలి ఊళ్ళో కోతలైపోనాయి. బస్తాడు తవుడు తెస్తాను. గుంటని ఇచ్చీయరాదా?"

"ఇప్పుడా?" గవరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఆగింది. "సేతి ఏళ్ళు బాగున్నప్పుడు ఎవుడైనా కొంటాడు."

"మరి నన్నేటి సెయ్యమంటావు?"

"సేస్తున్నదే సెయ్యి. నా గుంటని బాగా పెంచు," అంది.